కాలుగాలిన మనిషి, కదలని పిల్లి

"మా పిల్లి పుట్టి బుద్ధెరిగి గడప దాటలేదు. గ్యాస్ సిలిండర్ అబ్బాయి వచ్చాడని తలుపు తీశాం, రెండు నిమిషాలు కూడా కాలేదు. అంతలోనే మాయం. పేరు పెట్టి ఎంత పిలిచినా పలకదు. ఈపాటికి ఎంత దూరం పోయుంటుందంటారు?"

పశువైద్యులు తరచూ వినే ప్రశ్న ఇది. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి పదింటికి ఒక ఫొటోతో పాటు ప్రత్యక్షమయ్యే ప్రశ్న కూడా ఇదే. అడిగే మనిషి మనసులో అప్పటికే ఒక దృశ్యం తిరుగుతూ ఉంటుంది: పిల్లి వీధులు దాటుకుంటూ, కుక్కలను తప్పించుకుంటూ, మెయిన్ రోడ్డు మీదికి పరుగు తీస్తోంది. అందుకే ఆయన బండి తీస్తాడు. పక్క కాలనీ, దాని పక్క కాలనీ, పార్కు, చేపల మార్కెట్టు తిరిగి అర్ధరాత్రికి గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తాడు.

కాలు నిలవకుండా తిరిగే మనిషిని తెలుగువాళ్ళు కాలుగాలిన పిల్లి అంటారు. ఇంటిపిల్లి తప్పిపోయిన రోజు మాత్రం వ్యవహారం తలకిందులు. తిరిగేదంతా మనిషే. పిల్లి చాలాసార్లు అదే భవనంలో, మెట్ల కిందో కిందింటివాళ్ళ పాత సామాన్ల వెనకో, నాలుగు కాళ్ళూ ముడుచుకుని కూర్చుని ఉంటుంది. యజమాని దాని ముందు నుంచే మూడుసార్లు వెళ్ళి ఉండవచ్చు కూడా.

అదెందుకు అలా కూర్చుంటుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో, ఎప్పుడు వెతకాలో చాలావరకు తెలిసిపోతుంది.

గడప అవతల

పిల్లి వేటాడే జంతువని చిన్నపిల్లలకూ తెలుసు. అది వేటకు బలయ్యే జంతువని మాత్రం పెద్దలకు కూడా గుర్తుండదు. నేటి ఇంటిపిల్లులన్నీ పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా ప్రాంతాల్లో ఇప్పటికీ తిరిగే ఫెలిస్ లిబికా అనే అడవిపిల్లి సంతతి. 2007లో వెలువడిన జన్యు అధ్యయనం దీన్ని నిర్ధారించింది. మనిషితో దాని చెలిమి ఎంత పాతదో సైప్రస్ దీవిలో బయటపడిన ఒక సమాధి చెబుతుంది. సుమారు 9,500 ఏళ్ళ నాటి ఆ సమాధిలో మనిషికి కొద్ది దూరంలోనే ఒక పిల్లిని కూడా పూడ్చిపెట్టారు.

ఆ అడవిపిల్లి బరువు నాలుగైదు కిలోలు. ఎలుకకు అది యముడే, కానీ తోడేలుకూ పెద్ద గద్దకూ ఒక పూట భోజనం. గుంపుగా బతికే అలవాటు లేదు కాబట్టి ఆపదలో అరిస్తే ఆదుకునేవాళ్ళు రారు. అరుపు వల్ల జరిగేదల్లా శత్రువుకు ఆచూకీ దొరకడమే. అలాంటి బతుకులో మిగిలి, పిల్లలను కన్నవి ఏవంటే, ప్రమాదం అనిపించగానే దగ్గర్లోని సందులో దూరి కిక్కురుమనకుండా ఉండగలిగినవి. కుక్కను మనిషి వేల ఏళ్ళపాటు తన అవసరాలకు తగినట్టు మలిచాడు. పిల్లిని అంతగా మార్చలేదు. ఎలుకలు పడుతోంది కదా, చాలనుకున్నాడు. సోఫా మీద పడుకుని ఏసీ గాలి పీల్చే పర్షియన్ పిల్లిలోనూ ఆ పాత భయం చెక్కుచెదరలేదు.

ఇక రెండో సంగతి వాసన. పిల్లి బుగ్గల్లో, గడ్డం కింద, నుదుటి మీద, పాదాల్లో వాసన గ్రంథులు ఉంటాయి. అది తలుపు అంచుకు, బల్ల కోడుకు, మన కాళ్ళకు బుగ్గలు రాయడంలో ప్రేమ ఉంటే ఉండవచ్చు. దానితో పాటు ఇది నాకు తెలిసిన చోటు అన్న గుర్తు కూడా వేసుకుంటోంది. మన ముక్కుకు తెలియని ఈ గుర్తులు ఇల్లంతా నిండి ఉంటాయి. మూడేళ్ళుగా ఒకే ఫ్లాటులో ఉన్న పిల్లికి ఆ గుర్తులున్నంత మేరే లోకం.

తలుపు దాటి రెండడుగులు వేస్తే ఆ గుర్తులు ఒక్కటీ ఉండవు. పక్క ఫ్లాటు కుక్కర్ ఈల, లిఫ్టు గేటు చప్పుడు, మెట్ల మీద ఎవరివో చెప్పులు, కింద కుక్క వాసన, అన్నీ కొత్తవే. కుతూహలం కొద్దీ బయటికి వచ్చిన పిల్లి ఒక్క శబ్దానికి బెదురుతుంది. బెదిరిన పిల్లి ఇంటిదాకా దారి వెతుక్కుంటూ కూర్చోదు, కంటికి కనబడిన మొదటి చీకటి సందులోకి దూకుతుంది. అక్కడితో దాని ప్రయాణం ముగిసినట్టే.

దాక్కోవడం పిరికితనం అనుకుంటే పొరపాటు. పిల్లి తనను తాను కుదుటపరచుకునే పద్ధతే అది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఒక జంతు శరణాలయానికి కొత్తగా వచ్చిన 19 పిల్లులను గమనించారు. కొన్నింటికి గూట్లో దాక్కోవడానికి ఒక పెట్టె ఇచ్చారు, మిగతావాటికి ఇవ్వలేదు. పెట్టె దొరికిన పిల్లుల్లో ఆందోళన మొదటి కొద్ది రోజుల్లోనే తగ్గుముఖం పట్టింది, లేనివి ఆలస్యంగా తేరుకున్నాయి. మెట్ల కింద అట్టపెట్టెల వెనక ఉన్న మన పిల్లి చేస్తున్నదీ అదే. దాని లెక్కలో అది తప్పిపోలేదు. ప్రమాదం పోయేదాకా ఆగుతోంది, అంతే.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. రోజూ బయట తిరిగొచ్చే పిల్లి ఒక రోజు రాలేదంటే కథ వేరు. దానికి వీధులన్నీ తెలుసు కాబట్టి అది భయపడి దాక్కుందనుకోవడం కుదరదు. దాన్ని ఏదో ఆపి ఉండాలి. ఎవరి గ్యారేజీలోనో తాళం పడి ఉండవచ్చు, ఏ వ్యాను ఎక్కో వెళ్ళిపోయి ఉండవచ్చు, దెబ్బ తగిలి ఉండవచ్చు. ఆపరేషన్ చేయించని మగపిల్లి అయితే తోడు కోసం దూరం పోతుంది. ఈ అధ్యాయం ప్రధానంగా గడప దాటి ఎరుగని పిల్లి గురించి.

వింటుంది, పలకదు

"నా గొంతు విని కూడా రాదా?" అని యజమానులు బాధపడతారు. గొంతు గుర్తుపడుతుందా అన్న ప్రశ్నను జపాన్ పరిశోధకులు పరీక్షకు పెట్టారు. అత్సుకో సైతో, కజుతాకా షినొజుకా 2013లో ప్రచురించిన ప్రయోగంలో 20 పెంపుడు పిల్లులకు వాటి ఇళ్ళలోనే, యజమాని కంటపడకుండా, పేరు పిలిచే రికార్డింగులు వినిపించారు. ముందు ముక్కూమొహం తెలియని ముగ్గురి గొంతులు, వెంటనే యజమాని గొంతు. కొత్తవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పిలిచేకొద్దీ పిల్లుల ఆసక్తి సన్నగిల్లింది. యజమాని గొంతు వినబడగానే చాలా పిల్లుల్లో మళ్ళీ కదలిక వచ్చింది.

ఎలాంటి కదలిక? చెవి తిప్పాయి, తల తిప్పాయి. అంతకు మించి దాదాపు ఏమీ లేదు. లేచి తలుపు దగ్గరికి రావడం, మ్యావ్ మని బదులివ్వడం చాలా అరుదు. సొంత ఇంట్లో, ఏ భయమూ లేనప్పుడే ఇంత పొదుపుగా స్పందించిన జంతువు, పరాయి సెల్లారులో వణుకుతూ బదులు పలుకుతుందని ఆశించడం అత్యాశే.

అమ్మకిష్టమైన కుండ పగలగొట్టి మంచం కింద దూరిన పిల్లాణ్ణి తలుచుకోండి. అమ్మ పిలుపు వాడికి స్పష్టంగా వినబడుతుంది. అది అమ్మ గొంతేనని తెలుసు, తను ఎక్కడున్నాడో కూడా వాడికి తెలుసు. పిలుపు పెద్దదయ్యే కొద్దీ వాడు గోడవైపు ఇంకాస్త జరుగుతాడే తప్ప బయటికి రాడు. ఇంట్లోవాళ్ళందరూ కలిసి కేకలేస్తే ఇక సాయంత్రం దాకా అంతే.

వినికిడిలో లోపం ఏమీ లేదు. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్‌ల దగ్గర చేతులెత్తేస్తుంది. పిల్లి చెవి 85,000 హెర్ట్జ్‌ల దాకా పట్టుకుంటుందని 1985లో హెఫ్నర్ దంపతులు కొలిచి చూపారు. ఎలుకపిల్లలు మన చెవికి అందని స్థాయిలో కీచుమంటాయి, వాటి కోసమే ఆ చెవి. దానికి మన పిలుపు, మన అడుగుల చప్పుడు, తాళాల గుత్తి గలగల, పక్కింటాయన కుక్కను అదిలించడం అన్నీ కలిసే చేరతాయి.

అలాగని పిలవొద్దని కాదు. పిలవండి, రోజూ అన్నం పెట్టేటప్పుడు పిలిచే గొంతుతోనే, ఒక్కరే, కూర్చుని. పిలిచిన తర్వాత కనీసం ఐదు నిమిషాలు మాట్లాడకుండా చెవి పెట్టండి. పలకలేదు కాబట్టి ఇక్కడ లేదు అని కొట్టేయడమే అసలు నష్టం. వెతికేవాళ్ళు సగం చోట్లను ఆ ఒక్క కారణంతో వదిలేస్తారు.

కొలతలు ఏం చెబుతున్నాయి

తప్పిపోయిన పిల్లుల మీద పెద్ద సర్వేల్లో ఒకటి 2018లో యానిమల్స్ అనే పరిశోధన పత్రికలో వచ్చింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ బృందం చేసిన ఆ పనిలో కాలిఫోర్నియాకు చెందిన క్యాట్ ఆల్‌బ్రెక్ట్ కూడా భాగస్వామి. ఆమె ఒకప్పుడు పోలీసు అధికారి. వాసన పసిగట్టే కుక్కలతో నేరస్తుల జాడ తీసిన ఆమె, 1997 నుంచి అదే విద్యను తప్పిపోయిన పెంపుడు జంతువుల కోసం వాడడం మొదలుపెట్టారు. ఒక నేర పరిశోధకురాలు పిల్లుల వైపు రావడం వల్ల ఈ రంగానికి మేలే జరిగింది. ఎవరు ఏ చోట, ఎన్ని గంటలకు, ఎంత దూరంలో దొరికారన్న లెక్క రాసుకునే అలవాటు అక్కడి నుంచే వచ్చింది.

ఆ సర్వేలో 1,210 పిల్లుల వివరాలు యజమానుల నుంచి సేకరించారు. మూడో వంతు పిల్లులు వారంలోపే దొరికాయి. ఏడాది గడిచేసరికి దొరికినవి 61 శాతం. మూడు నెలలు దాటాక దొరికినవి చాలా కొద్ది. దొరికినవాటిలో 75 శాతం దాకా తప్పించుకున్న చోటికి 500 మీటర్ల లోపే ఉన్నాయి. బయట తిరిగే అలవాటున్న పిల్లులు ఎక్కువ దూరం పోయాయి, ఇల్లు కదలనివి వాటికంటే బాగా దగ్గర్లో దొరికాయి. మరీ కుతూహలం ఉన్న పిల్లులు తరచూ ఎవరో ఒకరి ఇంట్లో తేలాయి.

ఈ లెక్కలను కాస్త అనుమానంగానూ చూడాలి. దగ్గర్లో వెతికినవాళ్ళకు దగ్గర్లోనే దొరుకుతుంది. దూరం పోయిన పిల్లి దొరకకుండానే ఉండిపోయి లెక్కలోకి రాకపోవచ్చు. సర్వేకు జవాబిచ్చినవాళ్ళు కూడా తమ పిల్లి కోసం గట్టిగా ఆరాటపడినవాళ్ళే. ఇదంతా తీసేసినా, పక్క కాలనీకి బండి మీద వెళ్ళేముందు సొంత భవనాన్ని అంగుళం అంగుళం చూడాలన్న మాట నిలబడుతుంది. కళ్ళతో, కాళ్ళతో వెతికినవాళ్ళకు పిల్లి ప్రాణాలతో దొరికే అవకాశం ఎక్కువగా ఉన్నట్టు అదే సర్వేలో కనబడింది, గణాంకాల పరంగా అది తిరుగులేనిది కాకపోయినా.

అమెరికాలో 2012లో వెలువడిన మరో సర్వే 1,015 ఇళ్ళను అడిగింది. అక్కడ తప్పిపోయిన పిల్లుల్లో నాలుగింట మూడు వంతులు ఇల్లు చేరాయి. చేరినవాటిలో 59 శాతం తమంతట తామే తిరిగొచ్చాయి, 30 శాతం చుట్టుపక్కల వెతకడం వల్ల దొరికాయి. జంతు శరణాలయంలో దొరికినవి 2 శాతమే.

పిల్లి తిరిగే మేర ఎంతో నేరుగా కొలిచినవాళ్ళూ ఉన్నారు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌తో సహా ఆరు దేశాల్లో 925 పెంపుడు పిల్లుల మెడకు జీపీఎస్ కట్టి చూస్తే, వాటి తిరుగుడు సగటున 3.6 హెక్టార్ల మేర, అంటే తొమ్మిదెకరాలు. ఇవన్నీ రోజూ బయటికి పోయే పిల్లులు. ఏ అడ్డూ లేకుండా తిరిగేవాటి సంగతే ఇది.

జాక్ ఎక్కడున్నాడు

న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో 2011 ఆగస్టు 25న జాక్ అనే పిల్లి తప్పిపోయింది. దాని యజమానురాలు ఉద్యోగరీత్యా కాలిఫోర్నియాకు మారుతూ తన రెండు పిల్లులనూ విమానంలో తీసుకెళ్ళబోయింది. సామాన్ల విభాగంలో బోను తెరుచుకుని జాక్ పారిపోయింది. ఆ వార్త ఫేస్‌బుక్‌లో పాకింది. వేలమంది దాని కోసం ఎదురుచూశారు. వెతికేవాళ్ళు రన్‌వే పరిసరాల దాకా వెళ్ళారు, బోన్లు పెట్టారు, పోస్టర్లు అంటించారు.

అక్టోబరు 25న, సరిగ్గా 61 రోజులకు, అదే విమానాశ్రయంలోని కస్టమ్స్ విభాగంలో పైకప్పు పలక ఊడి, దానితో పాటు జాక్ కింద పడింది. ఒంట్లో ఉన్న మైక్రోచిప్ వల్ల అది జాకేనని తేలింది. రెండు నెలలపాటు ప్రపంచమంతా దానికోసం వెతుకుతుంటే, అది పైకప్పుకు, ఫాల్స్ సీలింగుకు మధ్య ఉన్న ఖాళీలో ఉన్నట్టుంది. లక్షలమంది ప్రయాణికులు దాని కిందనుంచే వెళ్ళారు.

జాక్ బతకలేదు. కాలేయం దెబ్బతింది, ఒంటి మీద పెద్ద గాయాలున్నాయి. వైద్యులు ఎంత ప్రయత్నించినా కోలుకోలేదు, నవంబరు 6న దానికి నొప్పి లేని మరణాన్ని ఇచ్చారు.

దాన్ని చంపినవాటిలో ఒకటైన కాలేయ సమస్య గురించి పిల్లి పెంచేవాళ్ళందరూ తెలుసుకోవాలి. ఆహారం ఆగిపోయినప్పుడు శరీరం నిల్వ కొవ్వును కరిగించి కాలేయానికి పంపుతుంది. అంత కొవ్వును ఒక్కసారిగా వాడుకునే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఆ కొవ్వు అక్కడే పేరుకుపోయి పని ఆగిపోతుంది. బొద్దుగా ఉన్న ఇంటిపిల్లికి ఈ ముప్పు ఎక్కువ, కొద్ది రోజుల పస్తులే చాలు. లావుగా ఉంది కదా, వారం తినకపోయినా ఏం కాదులే అన్న ధీమా సరిగ్గా తప్పు దిశలో ఉంది. రోజుల తర్వాత దొరికిన పిల్లికి ప్రేమకొద్దీ గిన్నె నిండా పెట్టకుండా ముందు వైద్యుడికి చూపించాలి.

జాక్ కథ ఇంకొకటి చెబుతుంది. పిల్లి మనం చూసే ఎత్తులో ఉండదు. నేల మీద వెతికి, పొదల్లో వెతికి, తలెత్తి చూడడం మరచిపోతాం.

టార్చి ఎక్కడ పట్టుకోవాలి

పిల్లి భుజం దగ్గరి జత్రుక, అంటే మనకు మెడ కింద కనబడే ఎముక, చాలా చిన్నది. మిగతా ఎముకలకు అతుక్కోకుండా కండరాల్లో తేలుతూ ఉంటుంది. మనిషికి తల పట్టిన చోట భుజాలు ఇరుక్కుంటాయి, పిల్లికి తల పడితే ఒళ్ళంతా పట్టేసినట్టే. అందుకని "ఇందులో దూరలేదులే" అని ఏ సందునూ వదలకూడదు. హైదరాబాదు, విజయవాడల్లోని మామూలు అపార్ట్‌మెంటులో చూడాల్సిన చోట్లు చాలానే ఉంటాయి: మెట్ల కింద, కరెంటు మీటర్ల గది, జనరేటర్ షెడ్డు, సంపు మూత పక్కన, పైపులు దిగే డక్టు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ల వెనక, కార్ల కింద, ఇంజన్ లోపల కూడా, మిద్దె మీద ట్యాంకుల మధ్య, ఎవరూ ఉండని ఫ్లాటు బాల్కనీలో. పక్కవాళ్ళను "మా పిల్లి కనబడిందా" అని అడిగితే లేదనే అంటారు, నిజంగానే కనబడలేదు కాబట్టి. "ఒకసారి మీ అటకా, స్టోర్ రూమూ చూడనిస్తారా" అని అడగాలి. వాచ్‌మన్‌కు ఒక ఫొటో పంపడం, సీసీ కెమెరా రికార్డు చూపించమనడం ఆ పనితోపాటే జరగాలి.

బాల్కనీలోంచి పడి ఉండవచ్చనిపిస్తే ముందు సరిగ్గా దాని కిందే చూడాలి. న్యూయార్కులోని ఒక పశువుల ఆసుపత్రికి 1984లో ఐదు నెలల్లో ఎత్తైన భవనాల నుంచి పడిన 132 పిల్లులు వచ్చాయి. వైద్యం అందినవాటిలో 90 శాతం బతికాయి. పడగానే చనిపోయినవాటిని ఎవరూ ఆసుపత్రికి తీసుకురారు కాబట్టి ఈ అంకెను అంత తేలిగ్గా నమ్మనక్కర్లేదు. కానీ పడ్డ పిల్లి బతికే ఉండి, దెబ్బలతోనే పాక్కుంటూ దగ్గర్లోని పూలకుండీల వెనక చేరడం మామూలే. దెబ్బ తగిలిన పిల్లి మరింత మౌనంగా ఉంటుంది.

వెతకడానికి మంచి సమయం పగలు కాదు. రాత్రి రెండింటికి ట్రాఫిక్ ఉండదు, పిల్లలు ఉండరు. మెలకువ వచ్చి పిల్లి తల బయటపెట్టే వేళ అది. తెల్లవారుజామూ, సంజె చీకటీ దానికి సహజంగానే వేట సమయాలు. పైగా చీకట్లో టార్చి పనిచేసినట్టు పగలు ఏదీ పనిచేయదు.

పిల్లి కంటి లోపల, రెటీనా వెనక, వెలుగును తిప్పి పంపే ఒక పొర ఉంది. టాపెటమ్ అంటారు. రెటీనా పట్టుకోకుండా దాటిపోయిన కాంతిని అది వెనక్కి పంపి రెండోసారి పట్టుకునే అవకాశం ఇస్తుంది. మనకు కావలసిన వెలుగులో సుమారు ఆరో వంతు ఉన్నా పిల్లి చూడగలగడానికి ఇదొక కారణం. అప్పటికీ మిగిలిపోయిన కాంతి వచ్చిన దారినే కంటి బయటికి పోతుంది. మనకు కనబడే పచ్చటి మెరుపు అదే.

వచ్చిన దారినే అన్న మాట ఇక్కడ చాలా ముఖ్యం. టార్చిని నడుము దగ్గర పట్టుకుంటే మెరుపు నడుము దగ్గరికే తిరిగొస్తుంది, కంటికి అందదు. టార్చిని చెంపకు ఆనించి, కంటి పక్కనే, చూపు ఎటుంటే అటు వెలుగు పడేలా పట్టుకోవాలి. తలకు కట్టుకునే లైటు అయితే మరీ మంచిది. అప్పుడు ముప్ఫై అడుగుల దూరంలో కారు కింద ఉన్న రెండు కళ్ళు కూడా దీపాల్లా వెలుగుతాయి. సయామీ లాంటి నీలికళ్ళ పిల్లుల్లో ఆ మెరుపు ఎర్రగా ఉంటుంది. గడ్డిలో బోలెడు చిన్న చిన్న చుక్కలు మెరిస్తే కంగారుపడక్కర్లేదు, సాలీళ్ళ కళ్ళూ అలాగే మెరుస్తాయి.

బోను, బియ్యప్పిండి

కళ్ళు కనబడగానే యజమాని చేసే మొదటి పని దాని మీదికి ఉరకడం. అదే చేయకూడనిది. బెదిరిన పిల్లి సొంత మనిషినీ కరుస్తుంది, కరిచి ఇంకో సందులోకి పోతుంది, ఈసారి దూరంగా. పక్కకు తిరిగి నేల మీద కూర్చుని, కళ్ళలోకి సూటిగా చూడకుండా, తెలిసిన తిండి కాస్త పెట్టి ఓపిక పట్టడం మేలు. తప్పనిసరై పట్టుకోవాల్సి వస్తే మందపాటి తువ్వాలు అడ్డం పెట్టుకోవాలి. బయట తిరిగొచ్చిన పిల్లి కరిచినా, రక్కినా గాయాన్ని సబ్బునీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి పోవాలి. మన దేశంలో రేబిస్ ఇంకా ఉంది.

అసలు కంటబడకపోతే ఏదో ఒక జాడ పట్టుకోవాలి. అనుమానమున్న చోట తిండిగిన్నె చుట్టూ పల్చగా బియ్యప్పిండి చల్లి, తెల్లవారి చూస్తే పాదముద్రలుంటాయి. పిల్లి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది, కాబట్టి నాలుగు వేళ్ళ గుర్తులుంటాయి గానీ గోళ్ళ గాట్లు ఉండవు. కుక్క ముద్రలో గోళ్ళు కనబడతాయి. వాడకుండా పక్కనబెట్టిన పాత ఫోనును కెమెరాగా పెడితే, తింటున్నది మన పిల్లా, వీధిపిల్లా అన్నది కూడా తేలుతుంది.

ఆ తర్వాత బోను. లోపల అడుగు పెట్టగానే తలుపు పడే ఇనుప బోన్లను వీధిపిల్లులకు ఆపరేషన్లు చేయించే స్వచ్ఛంద సంస్థలు వాడతాయి, అడిగితే ఇస్తాయి. ఎండు మెత్తళ్ళు, ఉడికించిన చికెన్, ఏదైనా సరే, ఘాటుగా వాసన రావాలి. బోనును గుడ్డతో కప్పాలి, రాత్రంతా గంటకోసారి చూస్తూ ఉండాలి.

మొదటి రెండు మూడు రోజులు బోను ఖాళీగానే ఉండవచ్చు. ఆల్‌బ్రెక్ట్ తన అనుభవంలో పదే పదే గమనించింది ఏమిటంటే, కొన్ని పిల్లులు పది పన్నెండు రోజులు అసలు కదలవు, ఆకలీ దాహమూ భయాన్ని మించిపోయిన రోజునే బయటికి వస్తాయి. ఇది ప్రయోగశాలలో తేల్చింది కాదు, ఏళ్ళ తరబడి పిల్లులను వెతికిన మనిషి గమనిక. కానీ మూడో రోజుకే ఆశ వదులుకుని బోను తిరిగిచ్చేసే యజమానులకు ఇది చెప్పి తీరాలి.

లిట్టర్ ట్రే ఆరుబయట పెడితే మైళ్ళ దూరం నుంచి వాసన పట్టి వచ్చేస్తుందన్న సలహా చాలామంది చెబుతారు. అంత దూరం లాగుతుందని ఎవరూ కొలిచి చూపలేదు. పైగా ఆ ట్రే వాసనకు ఆ వీధిని ఏలే గండుపిల్లి ముందుగా వచ్చి కూర్చుంటే, దాక్కున్న మన పిల్లి ఇంకా లోపలికి పోతుంది. ఇంటివాళ్ళు కట్టి విడిచిన బట్ట ఒకటి తలుపు దగ్గర పెట్టి, రాత్రి పూట తలుపు కొంచెం తెరిచి ఉంచితే నష్టం లేదు.

హోలీ నడిచిందా?

ఇంతా చెప్పాక ఎవరో ఒకరు హోలీ కథ ఎత్తుతారు. ఫ్లోరిడాలో 2012 నవంబరులో డేటోనా బీచ్ దగ్గర ఒక దంపతుల వాహనంలోంచి హోలీ అనే నాలుగేళ్ళ పిల్లి తప్పిపోయింది. రెండు నెలల తర్వాత, కొత్త సంవత్సరం ముంగిట్లో, వెస్ట్ పామ్ బీచ్‌లో తన ఇంటికి ఒక మైలు దూరంలో, ఎముకల గూడై తూలుతూ కనబడింది. మధ్య దూరం సుమారు 320 కిలోమీటర్లు. పాదాల నుంచి రక్తం కారుతోంది, వెనక గోళ్ళు అరిగిపోయాయి. చిప్ స్కాన్ చేస్తే హోలీయేనని తేలింది. అదీ ఇంటిపిల్లే.

పిల్లికి దిక్కు తెలిసే శక్తి ఉందా అని వందేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. అమెరికా శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ హెరిక్ 1922లో పిల్లలున్న ఒక తల్లిపిల్లిని వేర్వేరు దిక్కుల్లో కొన్ని మైళ్ళ దూరం తీసుకెళ్ళి వదిలాడు. అది పిల్లల దగ్గరికి తిరిగొచ్చింది. పదహారు మైళ్ళకు పైగా తీసుకెళ్ళినప్పుడు మాత్రం రాలేకపోయింది. జర్మనీలో 1954లో ప్రెక్ట్, లిండెన్‌లౌబ్ అనే పరిశోధకులు పిల్లులను కప్పిన పెట్టెల్లో తిప్పి తెచ్చి, చుట్టూ దారులున్న ఒక గదిలో వదిలారు. ఇల్లు మరీ దూరం కానప్పుడు పిల్లులు ఇంటివైపు దారినే ఎక్కువగా పట్టాయి. అంటే ఎంతో కొంత దిక్కు తెలుస్తుంది. ఆ శక్తి దేని మీద ఆధారపడుతుందో, వాసనో శబ్దమో భూ అయస్కాంతమో, ఇంతవరకు తేలలేదు.

2024 వేసవిలో ఎల్లోస్టోన్ పార్కులో తప్పిపోయిన రేన్ బో అనే సయామీ పిల్లి రెండు నెలల తర్వాత కాలిఫోర్నియాలో, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో కనబడింది. ఇంటివైపే కదిలింది నిజమే. కానీ మధ్యలో కొండలు, ఎడారి ఉన్నాయి. దారిలో ఎంత మేర ఎవరి కారు డిక్కీలో వచ్చిందో ఎవరు చెప్పగలరు?

ఇలాంటి కథలు వార్తలయ్యేది అరుదు కాబట్టే. హోలీని తలుచుకుని ఇంట్లో కూర్చుంటే, మెట్ల కింద ఉన్న పిల్లి మెట్ల కిందే ఉండిపోతుంది.

చర్మం కింద పదిహేను అంకెలు

జాక్, హోలీ, రేన్ బో, మూడింటినీ గుర్తుపట్టించింది మైక్రోచిప్పే. అది మెడ వెనక చర్మం కింద సూదితో ఎక్కించే చిన్న గాజు గొట్టం, పొడవు సుమారు 12 మిల్లీమీటర్లు. అందులో బ్యాటరీ ఉండదు, జీపీఎస్ ఉండదు. పిల్లి ఎక్కడుందో అది చెప్పలేదు, ఆ అపోహ మనదగ్గర బాగా ఉంది. స్కానర్ దగ్గరికి తెచ్చినప్పుడు దాని తరంగాల నుంచే శక్తి తీసుకుని తనలోని పదిహేను అంకెల సంఖ్యను చెబుతుంది, అంతే. బ్రిటన్‌కో యూరప్‌కో పిల్లిని వెంట తీసుకెళ్ళే తెలుగు కుటుంబాలకు ఇది తెలిసిన వ్యవహారమే, చిప్ లేకుండా అక్కడ రానివ్వరు. ఇంగ్లండులో 2024 జూన్ నుంచి పెంపుడు పిల్లులన్నింటికీ తప్పనిసరి చేశారు.

అమెరికా శరణాలయాల్లో చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడికి చేరిన వీధిపిల్లుల్లో మొత్తం మీద 2 శాతం కూడా యజమానులను చేరలేదు. చిప్ ఉన్నవాటిలో 38 శాతానికి పైగా చేరాయి. చిప్ ఉండి కూడా చేరని కేసుల్లో ముఖ్య కారణం సాంకేతికమైనది కాదు. రిజిస్టరులో ఉన్న ఫోను నంబరు తప్పు, లేదా మారిపోయిన నంబరు.